సీటు మార్చమని అడిగే ముందు



పేరెంట్స్ మీటింగ్ రోజున మీరు మార్కుల గురించి, హోంవర్క్ గురించి, బస్సు ఆలస్యం గురించి అందరి ముందే అడుగుతారు. ఒక్క సంగతి మాత్రం మిగతావాళ్లు వెళ్లాక, గొంతు తగ్గించి అడుగుతారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. మా వాడి పక్కన కూర్చునే అబ్బాయి దగ్గర చెమట వాసన వస్తోందట. కాస్త సీటు మార్చండి" అంటారు. 6వ తరగతి దాటాక ఈ మాట వినని టీచర్ ఉండరు. ఎండలు ముదిరే కొద్దీ, ఒంటిపూట బడులు దగ్గరపడే కొద్దీ ఈ అభ్యర్థనలు పెరుగుతాయి.

అలా అడగడం తప్పని నేను అనను. రోజుకు ఆరు గంటలు పక్కన కూర్చునే పిల్లాడికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వాసన కారణంగా సీటు మార్చకూడదు. సీటు మారిస్తే ఒక పిల్లాడికి ఇబ్బంది తప్పుతుంది, ఇంకో పిల్లాడికి పేరు పడుతుంది. ఆ పేరు పదో తరగతి దాకా పోదు. పైగా ఇవాళ సీటు మార్చమని అడిగిన పిల్లాడి ఒంట్లోనూ ఇంకో ఆరు నెలల్లోనో ఏడాదిలోనో అదే మార్పు వస్తుంది. అప్పుడు వాడి పక్కన ఎవరు కూర్చుంటారు?

నాకింకా ముప్పై ఏళ్లు రాలేదు. పిల్లల్ని పెంచిన అనుభవం మీకే ఎక్కువ. కానీ 11 నుంచి 14 ఏళ్ల పిల్లలు నలభై మందితో ఒకే గదిలో రోజంతా గడిపే ఉద్యోగం నాది. ఆ గదిలో చూసినవీ, సైన్స్ టీచర్‌గా నాకు తెలిసినవీ మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాను.

వాసన ఎక్కడి నుంచి వస్తుంది?

మన ఒంట్లో చెమట గ్రంథులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం ఒళ్లంతా ఉంటాయి. వాటి లెక్క 20 నుంచి 40 లక్షలు. పసితనం నుంచే పనిచేస్తాయి. నీరు, కాస్త ఉప్పు బయటికి పంపి ఒంటిని చల్లబరచడం వాటి పని. అందుకే ఎల్‌కేజీ పిల్ల ఎండలో ఎంత ఆడి వచ్చినా చొక్కా తడుస్తుందే కానీ పెద్దవాళ్ల దగ్గర వచ్చే వాసన రాదు.

రెండో రకం గ్రంథులు చంకల్లో, గజ్జల్లో ఎక్కువగా ఉంటాయి. ఇవి కౌమారం మొదలయ్యే దాకా ఊరికే ఉంటాయి. హార్మోన్లు మారడం మొదలుకాగానే పని ప్రారంభిస్తాయి. వీటి నుంచి వచ్చే చెమటలో కొవ్వు, ప్రొటీన్ల వంటి పదార్థాలు ఉంటాయి. ఆశ్చర్యం ఏమిటంటే, ఈ చెమటకు కూడా బయటికి వచ్చేటప్పుడు దాదాపు వాసన ఉండదు. చర్మం మీద ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. తడి, వెచ్చదనం, గాలి ఆడకపోవడం, ఈ మూడూ ఉన్న చోట ఆ పని వేగంగా జరుగుతుంది.

కౌమారం ఆడపిల్లల్లో సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతుంది. అంటే ఒకే 7వ తరగతిలో ఒక పిల్లకి ఈ మార్పు వచ్చి రెండేళ్లయి ఉంటుంది, పక్క బెంచీలో పిల్లాడికి ఇంకా మొదలే కాకపోవచ్చు. ముందు ఎదిగిన పిల్లలకే ముందు మాట పడుతుంది. వాళ్లు చేసిన తప్పు ఏమిటంటే వయసుకు రావడం.

వంశపారంపర్యం కూడా ఉంది. 2006లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక జన్యువును గుర్తించారు. చెవిలో గులిమి పొడిగా ఉంటుందా, జిగటగా ఉంటుందా అనేది ఆ జన్యువులోని ఒక చిన్న తేడా నిర్ణయిస్తుంది. పొడి గులిమి ఉన్నవాళ్లకు చంక వాసన కూడా చాలా తక్కువని ఆ తర్వాత తేలింది. కొరియా, చైనా, జపాన్ దేశాల్లో ఎక్కువమంది అలాంటివాళ్లే. రోజూ ఒకే సబ్బుతో ఒకేలా స్నానం చేసే ఇద్దరు పిల్లల్లో ఒకరికి వాసన ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండటానికి ఇలాంటి కారణాలుంటాయి. కాబట్టి వాసన వస్తోంది అంటే ఆ ఇంట్లో శుభ్రత లేదని అర్థం కాదు. ఇంకా ఎవరూ ఆ పిల్లాడికి కొత్త ఒంటిని ఎలా చూసుకోవాలో చెప్పలేదని మాత్రమే అర్థం కావచ్చు.

ఇక్కడ ఇంగ్లిష్ మీడియం గురించి ఒక మాట. కౌమారం పాఠం మేం చెబుతాం. పిల్లలు పరీక్షలో 'స్వెట్ గ్లాండ్స్', 'సెబేషియస్ గ్లాండ్స్' స్పెల్లింగు తప్పు లేకుండా రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. కానీ అది వాళ్లకు పుస్తకంలోని సంగతి. స్నానాల గదిలో తాము చేయాల్సిన పనితో దానికి సంబంధం ఉందని చాలామందికి తోచదు. ఆ సంబంధం కలపాల్సింది ఇంట్లో మాట్లాడే భాషలో, ఇంట్లోవాళ్లే.

తిండి మీద ఎంత నింద వేయొచ్చు?

వాసన అనగానే మనం ముందు తిండిని అనుమానిస్తాం. "వాళ్లింట్లో రోజూ నాన్‌వెజ్ అట", "వెల్లుల్లి దట్టించి వండుతారు" అంటాం. పిల్లలు ఆ మాటలు విని బడికి తెస్తారు. ఇక్కడ మూడు వేరు వేరు వాసనలున్నాయి. వాటిని కలిపేయడం వల్లే గొడవంతా.

మొదటిది లంచ్ బాక్స్ వాసన. ఎండుచేపల కూర, ఉడికించిన గుడ్డు, వెల్లుల్లి కారం, ఇంగువ వేసిన పులిహోర, దేనికుండే ఘాటు దానికుంటుంది. మూత తీస్తే వస్తుంది, తిని కడిగేస్తే పోతుంది. అది పిల్లల ఒంటి వాసన కాదు. కానీ ఒక్కసారి ఎవరో ముక్కు మూసుకుంటే, మర్నాటి నుంచి ఆ పిల్ల బాక్స్ మూత సగమే తెరిచి, చెయ్యి అడ్డం పెట్టుకుని తింటుంది. ఇంటికెళ్లి "నాకు బ్రెడ్డు జామ్ పెట్టు" అంటుంది. అమ్మకు కారణం చెప్పదు. మీ పిల్లలు ఉన్నట్టుండి ఇంటి కూర వద్దంటుంటే, రుచి బాగాలేదనుకోకండి. క్లాసులో ఏమైనా జరిగిందా అని అడగండి.

రెండోది నోటి వాసన. దీనికి తిండితో నిజంగానే సంబంధం ఉంది. వెల్లుల్లిలో గంధకం ఉన్న పదార్థాలు ఉంటాయి. వాటిలో ఒకటి జీర్ణమయ్యాక రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి వస్తుంది. అందుకే పళ్లు తోముకున్నా గంటల తరబడి ఆ వాసన పోదు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వెల్లుల్లితో పాటు పాలు తాగితే ఆ వాసన తగ్గుతుందని 2010లో చూపించారు. పెరుగు కూడా వెల్లుల్లి వాసనను బాగా తగ్గిస్తుందని 2023లో ప్రయోగశాలలో తేల్చారు. భోజనం చివర పెరుగన్నం తినడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. బాక్సులో కూర అన్నంతో పాటు చిన్న డబ్బాలో పెరుగన్నం పెడితే రెండు లాభాలు.

అయితే బడిలో నేను గమనించే నోటి వాసనకు వెల్లుల్లి కన్నా పెద్ద కారణాలు రెండు. ఒకటి, ఉదయం బస్సు హడావుడిలో టిఫిన్ తినకుండా రావడం. రెండు, నీళ్లు తాగకపోవడం. నోటిని కడిగేది లాలాజలమే. తినక, తాగక నోరు ఎండిపోతే బ్యాక్టీరియా పెరుగుతుంది. నిండుగా తెచ్చిన వాటర్ బాటిల్‌ను అలాగే ఇంటికి పట్టుకెళ్లే పిల్లలు చాలామంది. సాయంత్రం బాటిల్ చూడండి, మీకే తెలుస్తుంది.

మూడోది చెమట వాసన. దీని మీద తిండి ప్రభావం ఉంది కానీ మనం అనుకునేంత కాదు. మెంతులు బాగా తింటే చెమటకు, మూత్రానికి ఒక తీపి వాసన వస్తుంది. అది మెంతుల్లోని ఒక పదార్థం వల్ల. మాంసం సంగతి చూస్తే, చెక్ దేశంలోని ప్రేగ్‌లో 2006లో ఒక అధ్యయనం జరిగింది. 17 మంది మగవాళ్లు రెండు వారాలు మాంసం తిని, ఇంకో రెండు వారాలు మానేసి చెమట నమూనాలు ఇచ్చారు. మాంసం మానేసినప్పటి వాసనే నయమని, ఘాటు తక్కువని వాసన చూసిన మహిళలు చెప్పారు. ఇదొక్కటి చదివితే శాకాహారులు సంతోషిస్తారు. కానీ ఆ పరిశోధకుల్లోనే ఒకరు మరికొందరితో కలిసి 2016లో వెల్లుల్లి మీద చేసిన ప్రయోగంలో, వెల్లుల్లి బాగా తిన్నవాళ్ల చంక వాసనే మెరుగ్గా ఉందని తేలింది! నోటికి చెడ్డదైన వెల్లుల్లి చంకకు మంచిదైంది. రెండూ చిన్న అధ్యయనాలు. పైగా పెద్దవాళ్ల మీద చేసినవి.

వీటి నుంచి నేను తీసుకునే పాఠం ఒక్కటే. ఒక పిల్లాడి చెమట వాసన చూసి వాళ్లింట్లో ఏం వండుకుంటారో చెప్పలేం. వాళ్లు ఎవరు, ఏ ఊరివాళ్లు, ఏ కులంవాళ్లు అని అసలే చెప్పలేం. డైనింగ్ టేబుల్ దగ్గర మనం నవ్వుతూ అనే ఒక్క మాట మర్నాడు క్లాసులో ఇంకో పిల్లని గుచ్చుతుంది. ఎదిగే పిల్లలకు గుడ్డు, చేప, పప్పు, ఆకుకూర అన్నీ కావాలి. వాసన భయంతో ఏదీ మాన్పించకండి. కూరగాయలు, పండ్లు, నీళ్లు పెంచండి. అంతవరకు చాలు.

అలవాట్లలో ఏది నిజంగా పనిచేస్తుంది?

ఇక్కడే అసలు ఫలితం ఉంది. ఖర్చు కూడా తక్కువ.

స్నానం: 10 ఏళ్లు దాటిన పిల్లలు చాలామంది చేసేది కాకిస్నానం. రెండు మగ్గులు పోసుకుని, వీపు మీద నురగ తేలగానే వచ్చేస్తారు. చిన్నప్పుడు మీరు ఒళ్లు రుద్ది పోసేవారు. తర్వాత "నేనే పోసుకుంటా" అన్నారు, మీరు సరే అన్నారు. ఈ రెండింటి మధ్య ఎక్కడ రుద్దుకోవాలో చెప్పడం మిగిలిపోయింది. చంకలు, గజ్జలు, చెవుల వెనక, మెడ, కాలివేళ్ల సందులు, ఈ ఐదు చోట్లా సబ్బుతో రుద్దుకోమని చెప్పండి. నీళ్ల కొరత ఉండి, ట్యాంకర్ మీద ఆధారపడే ఇళ్లలో కూడా ఒక బకెట్ దీనికి సరిపోతుంది. వేసవిలో సాయంత్రం ఇంటికి రాగానే ఇంకోసారి స్నానం, కుదరకపోతే కనీసం ఆ ఐదు చోట్లా కడుక్కోవడం అలవాటు చేయండి.

తుడుచుకోవడం: దీన్ని అందరూ మర్చిపోతారు. తడి ఒంటి మీదే యూనిఫాం వేసుకుంటే బ్యాక్టీరియాకు కావలసిన తడిని మనమే ఇచ్చినట్టు. చంకలు, వేళ్ల సందులు పొడిగా తుడుచుకుని, ఒక నిమిషం ఫ్యాన్ కింద నిలబడి అప్పుడు చొక్కా వేసుకోవాలి. టవల్ కూడా ఎండలో ఆరాలి. బాత్‌రూం తలుపు మీద తడిగా వేలాడే టవల్‌తో తుడుచుకుంటే ఆ ముక్క వాసన ఒంటికి పడుతుంది.

బట్టలు: బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీ వాళ్లు 2014లో 26 మందితో బాగా చెమట పట్టేలా వ్యాయామం చేయించి, వాళ్ల టీషర్టులను మర్నాడు పరీక్షించారు. కాటన్ వాటికన్నా పాలిస్టర్ వాటిలో వాసన ఘాటుగా ఉంది. వాసన పుట్టించే ఒక రకం బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరిగింది. స్కూలు యూనిఫాంలలో పాలిస్టర్ కలిసిన బట్టే ఎక్కువ. అందుకే లోపల కాటన్ బనియన్ గానీ స్లిప్ గానీ వేయండి. లోదుస్తులు, సాక్సులు ఏ రోజువి ఆ రోజే మార్చాలి. చొక్కా రోజూ మొత్తం ఉతకడం ఉద్యోగాలకు వెళ్లే అమ్మానాన్నలకు కష్టం. ఫీజులు కట్టి, ఇంకో రెండు జతల యూనిఫాం కొనమని కూడా నేను అనను. రాత్రి చొక్కా చంకల భాగం, కాలరు సబ్బుతో రుద్ది జాడించి ఫ్యాన్ కింద ఆరేస్తే చాలు. ఈ పని 7వ తరగతి పిల్లాడు తనే చేసుకోగలడు. ఆడపిల్లకే నేర్పి మగపిల్లాడిని వదిలేయకండి.

షూస్: పాదాల్లో రెండో రకం గ్రంథులు ఉండవు. మామూలు చెమటే బూటులో గాలి ఆడక మగ్గి, కొన్ని రకాల చీజ్‌కు వచ్చే వాసనను పుట్టిస్తుంది. రెండూ ఒకే తరహా బ్యాక్టీరియా పని. సాయంత్రం షూస్ విప్పగానే సాక్సులు లోపల కుక్కి స్టాండులో పెట్టేయకుండా, షూ నోరు తెరిచి గాలికి పెట్టించండి. ఆదివారం ఎండలో పెట్టండి.

తల: కొబ్బరినూనె మంచిదే. కానీ రోజూ పాత నూనె మీదే కొత్త నూనె రాసి, వారం దాకా తలస్నానం లేకపోతే నూనె, చెమట, దుమ్ము కలిసి ముక్క వాసన వస్తుంది. వారానికి రెండు మూడుసార్లు తలస్నానం చేయించండి. కుంకుడుకాయైనా షాంపూ అయినా మీ ఇష్టం. తల ఆరకుండానే గట్టిగా జడ వేయకండి.

నోరు: రాత్రి పడుకునే ముందు బ్రష్ చేయడం ఉదయం చేసే దానికన్నా ముఖ్యం. నాలుక గీసుకోవడం మన పెద్దవాళ్ల అలవాటు, దాన్ని మాన్పించకండి.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటి. నెలసరి రోజుల్లో వాసన వస్తుందేమోనన్న భయంతో కొందరు బడే మానేస్తారు. ప్యాడ్ 4 నుంచి 6 గంటలకోసారి మార్చుకుంటే ఆ భయం అక్కర్లేదు. సెంటు ప్యాడ్లు, సెంటు వైప్స్ అవసరం లేదు, కొందరికి వాటితో మంట, దురద వస్తాయి. బ్యాగులో ఒక చిన్న పౌచ్‌లో రెండు ప్యాడ్లు, ఒక జత లోదుస్తులు, ఒక కాగితపు కవరు పెట్టండి. అవసరమైతే ఏ లేడీ టీచర్ దగ్గరికైనా వెళ్లొచ్చని మీ నోటితో చెప్పండి.

మరి స్ప్రే?

టీవీ ప్రకటనల్లో ఒక్క స్ప్రే కొడితే జీవితమే మారిపోతుంది. మా క్లాసులో జరిగేది వేరు. పీటీ పీరియడ్ అయ్యాక నలుగురు పిల్లలు చెమట మీదే స్ప్రే కొట్టుకుంటారు. చెమట వాసన, సెంటు వాసన కలిసి రెండింటికన్నా ఘోరంగా తయారవుతుంది. కిటికీలు మూసిన ఏసీ గదిలో ఆస్తమా ఉన్న పిల్లలకు దగ్గు మొదలవుతుంది. ఆ డబ్బాల్లో ఆల్కహాల్, మండే గ్యాస్ ఉంటాయి కాబట్టి బ్యాగులో పెట్టి పంపడం ప్రమాదం కూడా.

డియోడరెంట్ వాసనను తగ్గిస్తుంది లేదా కప్పుతుంది. యాంటీపర్‌స్పిరెంట్‌లో అల్యూమినియం లవణాలుంటాయి, అవి చెమటనే తగ్గిస్తాయి. స్నానం, ఉతికిన బట్టలు సరిగ్గా పాటించినా ఇబ్బంది ఉంటే, వాసన తక్కువగా ఉండే రోల్ ఆన్ శుభ్రమైన పొడి చర్మం మీద ఇంట్లోనే రాసి పంపండి. స్నానానికి బదులుగా మాత్రం ఏదీ పనికిరాదు. పౌడర్ కూడా అంతే, చెమట మీద చల్లితే ముద్ద కడుతుంది.

ఎప్పుడు డాక్టర్‌కు చూపించాలి?

ఆడపిల్లకు 8 ఏళ్లు, మగపిల్లాడికి 9 ఏళ్లు నిండకముందే పెద్దవాళ్ల చెమట వాసన మొదలైతే పిల్లల డాక్టర్‌ను ఒకసారి అడగండి. అరచేతులు, చంకలు ఎప్పుడూ కారిపోయేంత చెమట పట్టి నోట్‌బుక్ తడిసిపోతుంటే దానికి వైద్యం ఉంది. ఎంత శుభ్రంగా ఉన్నా చేప వాసన వదలకపోతే, అది చాలా అరుదుగా వచ్చే ఒక జన్యులోపం కావచ్చు. అది పిల్లల తప్పు కాదు. ఊపిరిలో పండిన పండు లాంటి తీపి వాసన వస్తూ, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అది మధుమేహం ముదిరిన సూచన కావచ్చు.

ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి?

"ఛీ, కంపు కొడుతున్నావు, అవతలికి పో" అని అన్నయ్యో అక్కయ్యో అనకముందే మీరు చెప్పాలి. మగపిల్లలకు నాన్న చెబితే బాగుంటుంది. నాన్న ఊళ్లో లేకపోతే మామయ్యో బాబాయో చెప్పొచ్చు. ఎవరూ కుదరకపోతే అమ్మ చెప్పినా పిల్లాడు వింటాడు. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "నాన్నా, నువ్వు పెద్దవాడివవుతున్నావు. ఈ వయసులో అందరికీ చెమట మారుతుంది, నాకూ మారింది. ఇకనుంచి ఇక్కడ సబ్బుతో రుద్దుకోవాలి, బాగా తుడుచుకోవాలి. ఇదిగో నీకు వేరే టవల్" అంటే అయిపోతుంది. "నాకూ మారింది" అన్న ఆ మాట మాత్రం వదలకండి. సిగ్గు సగం అక్కడే పోతుంది.

చుట్టాల ముందు, బస్సు దగ్గర, వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ మాట ఎత్తకండి. పేరు రాయకపోయినా "3వ బెంచీ" అంటే గ్రూపులో అందరికీ అర్థమవుతుంది.

మా వైపు నుంచి చేయాల్సినవి

భారమంతా మీ మీద వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. పీటీ పీరియడ్ అయ్యాక ముఖం, చేతులు, మెడ కడుక్కోవడానికి ఐదు నిమిషాలు ఇవ్వాలి. ఎండాకాలంలో టై, పై గుండీ విషయంలో పట్టుదల తగ్గించాలి. నీళ్లు తాగడానికీ, టాయిలెట్‌కూ పంపమంటే విసుక్కోకూడదు. పిల్లలు నీళ్లు మానేయడానికి టాయిలెట్‌కు పంపరేమోనన్న భయం కూడా ఒక కారణం. యూనిఫాం బట్టలో కాటన్ పాలు పెంచాలని నా కోరిక. ఇవి పెద్ద ఖర్చులు కావు. స్టడీ అవర్ దాకా పిల్లల్ని తొమ్మిది గంటలు ఉంచుకునే ఏ బడికైనా ఇది బాధ్యతే. మీరు కూడా ఇవి అడగండి. సీటు మార్చమనే బదులు ఇవి అడిగితే క్లాసులో నలభై మందికీ మేలు.

సీటు ఎందుకు మార్చనంటే

వాసన గురించి మాట పడిన పిల్లలో నేను మొదట చూసే మార్పు ఏమిటో చెబుతాను. చెయ్యి ఎత్తడం మానేస్తుంది. జవాబు తెలిసినా ఎత్తదు. చెయ్యెత్తితే చంక కనిపిస్తుంది, వాసన వస్తుందేమోనని భయం. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని కూర్చుంటుంది. ఎండాకాలంలోనూ స్వెటర్ విప్పదు. ఆటల పీరియడ్‌లో కడుపునొప్పి అంటుంది. ప్రోగ్రెస్ కార్డులో మీకు కనిపించేది "క్లాసులో చురుకుగా లేదు" అన్న ఒక్క లైను.

సీటు మార్చిన రోజున ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పరు. అయినా అంతా అర్థమవుతుంది. అవతలి పిల్లాడికి కూడా ఒక పాఠం అర్థమవుతుంది. ఇబ్బందిగా ఉన్న మనిషి దగ్గర నుంచి లేచి వెళ్లిపోవచ్చని. రేపు హాస్టల్లో, ఆఫీసులో, ఇంట్లో ముసలివాళ్లకు సేవ చేయాల్సి వచ్చినప్పుడు ఆ పాఠం పనికొస్తుందా?

అందుకని మీరు సీటు మార్చమని అడిగితే నేను చేసేది ఇది. క్లాసంతా పదిహేను రోజులకోసారి వరుసలవారీగా మారుతుంది. అది అందరికీ ఒకటే, ఎవరి కోసమో చేసింది కాదు. కిటికీలు తెరిపిస్తాను. మాట పడిన పిల్లల ఇంటికి నేనే ఫోన్ చేసి, ఎవరు చెప్పారన్నది చెప్పకుండా, పైన రాసిన నాలుగు మాటలు చెబుతాను. ఆ ఫోన్ మీకే వస్తే దయచేసి నొచ్చుకోకండి. మీ పెంపకం మీద వేలెత్తి చూపడం కాదది. మీ పిల్లో పిల్లాడో పెద్దవుతున్నారన్న కబురు మాత్రమే.

మీ నుంచి కోరేది కూడా చిన్నదే. ఈ ఆదివారం తలంటు పోసేటప్పుడో, షూస్ ఎండలో పెట్టేటప్పుడో, ఒక పది నిమిషాలు మీ పిల్లలతో ఈ విషయం మాట్లాడండి. పక్కవాళ్ల దగ్గర వాసన వస్తే ముక్కు మూసుకోకూడదని, ఎవరూ లేనప్పుడు స్నేహంగా చెప్పాలని, చెప్పలేకపోతే టీచర్‌కు చెప్పాలని కూడా అదే సమయంలో నేర్పండి. ఏమైనా సందేహాలుంటే సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక నేను స్టాఫ్ రూంలోనే ఉంటాను. గొంతు తగ్గించకుండానే అడగొచ్చు.